ఉత్పత్తిదారుల సంఘం ఎవరి తరఫున మాట్లాడుతుంది?

దిగుమతి సుంకం మారినా, కొత్త కాలుష్య నిబంధన వచ్చినా మర్నాడు పేపర్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది. ‘పరిశ్రమ స్వాగతించింది’ అనో, ‘పరిశ్రమ వర్గాలు ఆందోళన వ్యక్తం చేశాయి’ అనో ఉంటుంది. చదివేసి పేజీ తిప్పేస్తాం. కానీ పరిశ్రమ అంటే వేల ఫ్యాక్టరీలు. ఒకరు అమ్మే వస్తువు ఇంకొకరికి ముడిసరుకు. ఒకరికి లాభం తెచ్చే సుంకం పక్కవాడికి ఖర్చు పెంచుతుంది. ఒకే మార్కెట్ కోసం రోజూ పోటీ పడేవాళ్లు కూడా వీళ్లే. ఇంతమంది ఒక్క రాత్రిలో ఒకే మాట ఎలా అన్నారు?

ఆ మాటను తయారుచేసేది ఉత్పత్తిదారుల జాతీయ సంఘం. చాలామందికి ఇది లాబీయింగ్ చేసే ఆఫీసుగానే తెలుసు. లాబీయింగ్ నిజమే గానీ అది పైకి కనిపించే భాగం. సంఘం అసలు బలం సభ్యుల దగ్గర నుంచి పోగుచేసే సమాచారంలో ఉంటుంది. ఎవరు ఎంత తయారు చేస్తున్నారు, ఎంత అమ్ముతున్నారు, గోదాంలో ఎంత సరుకు ఉంది, కొత్త నిబంధన పాటించాలంటే ఎంత ఖర్చవుతుంది, ఇవన్నీ ఒక్కచోట ఉండేది అక్కడే. ప్రభుత్వానికీ, చిన్న ఫ్యాక్టరీకీ, కొనేవాళ్లకీ మేలు చేయగలిగేది ఆ సమాచారమే. ధరల కుమ్మక్కుకు దారి తీయగలిగేదీ అదే. అందుకే ఈ సంఘాలు మంచివా చెడ్డవా అని తేల్చేసే ముందు, లోపల ఎవరు కూర్చుంటున్నారు, సమాచారం ఎవరి చేతికి వెళ్తోంది అన్న రెండు సంగతులు చూడాలంటాను.

ముందు ఒక చిక్కు తీసేద్దాం. వ్యాపార సంఘాలన్నీ ఒకటే అనుకుంటాం గానీ వాటిలో కనీసం మూడు రకాలున్నాయి. ఒక ప్రాంతంలోని వ్యాపారులందర్నీ కలిపేది చాంబర్. కార్మికులతో జీతాలు, పని షరతులు మాట్లాడేది యజమానుల సంఘం. ఫలానా వస్తువు తయారుచేసేవాళ్ల తరఫున విధానాలు, ప్రమాణాలు, సుంకాల సంగతి చూసేది పరిశ్రమ సంఘం. జర్మనీలో ఈ మూడూ విడివిడిగా కనిపిస్తాయి. అక్కడ చాంబర్‌లో సభ్యత్వం చట్టం ప్రకారం తప్పనిసరి. 1949లో ఏర్పడిన జర్మన్ పరిశ్రమల సమాఖ్య బీడీఐ మాత్రం స్వచ్ఛంద సంస్థ, పైగా దాని సభ్యులు కంపెనీలు కావు, ఒక్కో రంగానికి చెందిన సంఘాలు. అంటే సంఘాల సంఘం అన్నమాట. బ్రిటన్ దీనికి ఎదురుదారిలో నడిచింది. 1965లో మూడు వేర్వేరు సంస్థలు కలిసి బ్రిటిష్ పరిశ్రమల సమాఖ్య, పొట్టిగా సీబీఐ, అయ్యాయి. ఆ మూడింటిలో ఒకటి ప్రధానంగా చిన్న తయారీదారులది. భారతదేశంలో ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1941లో ఆలిండియా మాన్యుఫాక్చరర్స్ ఆర్గనైజేషన్‌ను స్థాపించారు. అమెరికాలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ మాన్యుఫాక్చరర్స్, పొట్టిగా నామ్, 1895లో సిన్సినాటిలో పుట్టింది. 1893 నాటి మాంద్యంలో సరుకు అమ్ముడుపోక, విదేశీ మార్కెట్లు వెతుక్కోవడానికి పెట్టుకున్న సంఘం అది. పదేళ్లు తిరక్కుండానే దాని ప్రధాన పని కార్మిక సంఘాలను ఎదుర్కోవడంగా మారిపోయింది. ఏ పని కోసం పుట్టిందన్న దాన్ని బట్టి సంఘం ఇవాళ ఏం చేస్తోందో చెప్పలేం. సభ్యుల భయాలు మారితే సంఘం పనీ మారుతుంది.

ఫోర్డ్‌ను చేర్చుకోని సంఘం

ఇలాంటి సంఘం చేయగల మేలూ కీడూ ఒక్కచోటే చూడాలంటే, అమెరికాలో కార్ల పరిశ్రమ అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న రోజుల్లోకి వెళ్లాలి.

జార్జ్ సెల్డన్ అనే పేటెంట్ లాయరు, పెట్రోలు ఇంజిన్‌తో నడిచే బండి మీద 1879లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. దానికి సవరణలు చేస్తూ, వాయిదా వేయిస్తూ పదహారేళ్లు నడిపించి 1895లో పేటెంటు చేతికి తెచ్చుకున్నాడు. ఈలోగా కార్లు నిజంగానే తయారవడం మొదలైంది. ఆ పేటెంటు హక్కులు ఒక కంపెనీ చేతికి వెళ్లాయి. 1903లో కొందరు కార్ల తయారీదారులు ఆ కంపెనీతో రాజీ పడి, లైసెన్సు పొందిన తయారీదారుల సంఘం ఒకటి పెట్టుకున్నారు. దాని పేరు అలామ్. అమ్మిన ప్రతి కారు ధరలో 1.25 శాతం రాయల్టీ కట్టాలి. అందులో కొంత సంఘం ఖజానాకే వెళ్లేది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, లైసెన్సు ఎవరికి ఇవ్వాలో తేల్చడంలో సంఘానిదే పెద్ద మాట.

లైసెన్సు కోసం హెన్రీ ఫోర్డ్ కదిపి చూస్తే సంఘం సానుకూలంగా స్పందించలేదు. అతను విడిభాగాలు బయట కొని బిగించేవాడే తప్ప అసలైన తయారీదారు కాడన్నది వాళ్ల అభ్యంతరం. ఫోర్డ్ లైసెన్సు లేకుండానే కార్లు చేశాడు. 1903లోనే అతని మీద కేసు పడింది. సంఘం పేపర్లలో ప్రకటనలు ఇచ్చింది: లైసెన్సు లేని కారు కొంటే కారుతో పాటు కోర్టు కేసు కూడా కొన్నట్టేనని. కొనేవాళ్లకు ఏం జరిగినా తాను చూసుకుంటానని ఫోర్డ్ హామీ ఇచ్చాడు. 1909లో కింది కోర్టులో ఓడిపోయాడు. 1911 జనవరిలో అప్పీలు కోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. సెల్డన్ పేటెంటు ఒక రకం ఇంజిన్‌కే వర్తిస్తుందనీ, ఫోర్డ్ వాడేది వేరే రకమనీ తేల్చింది. ఆ తర్వాత ఆ సంఘం ఎన్నాళ్లో నిలవలేదు.

కథ ఇక్కడితో ఆపేస్తే సంఘం విలన్‌గా మిగిలిపోతుంది. కానీ అదే అలామ్‌లో ఇంజనీర్ల విభాగం ఒకటి ఉండేది. ఒక్కో కంపెనీ ఒక్కో కొలతతో బోల్టులు, నట్లు చేస్తున్న రోజుల్లో ఆ విభాగం మర చుట్ల కొలతలకు ఒక ప్రమాణం తయారు చేసింది. ఇంజిన్ శక్తిని లెక్కగట్టడానికి ఒక సూత్రం ఇచ్చింది. సిలిండర్ వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, దాని వర్గాన్ని సిలిండర్ల సంఖ్యతో గుణించి 2.5తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. అంత ఖచ్చితమైన సూత్రం కాదు గానీ, రెండు కంపెనీల కార్లను ఒకే కొలతతో పోల్చే వీలు కలిగింది. 1910 ప్రాంతంలో ఆ పని మొత్తం ఆటోమొబైల్ ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈకి చేరి అక్కడ పెరిగింది. బోల్టుకు ప్రమాణం వస్తే ఎక్కువ లాభపడేది చిన్న కార్ల కంపెనీ. పెద్ద కంపెనీ తన బోల్టులు తానే చేసుకోగలదు. చిన్నది బజారులో దొరికే వాటి మీదే ఆధారపడాలి.

ఒకే సంఘం ఒక గదిలో కూర్చుని కొత్తవాణ్ని రానివ్వకుండా తలుపు మూసింది, ఇంకో గదిలో ఎవరైనా వాడుకోగల కొలతలు తయారు చేసింది. ఇవాళ్టి సంఘాల్లోనూ ఈ రెండు గదులూ ఉంటాయని నా నమ్మకం. ‘తయారీదారు’ ఎవరన్న ప్రశ్న కూడా చిన్నదేమీ కాదు. సొంత ఫ్యాక్టరీ లేకుండా డిజైన్ మాత్రం ఇచ్చి బయట చేయించుకునే కంపెనీలు ఇప్పుడు ఎన్నో. వాళ్లకు ఓటు ఉంటుందా, పరిశీలక సభ్యత్వమేనా, అసలు తలుపే తెరవరా అన్నది సంఘం నిబంధనావళిలో రాసి ఉంటుంది. ఏ సంఘం గురించి తెలుసుకోవాలన్నా నేను ముందు చదవమనేది ఆ పేజీనే.

చట్టమే అప్పగించిన పని

సంఘాలు చేసే రోజువారీ పనుల్లో చాలావాటి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఎగ్జిబిషన్లు పెట్టడం, విదేశీ బృందాలను తీసుకురావడం, శిక్షణ తరగతులు, సర్క్యులర్లు. కొన్ని పనులు మాత్రం చట్టమే వాళ్ల చేతికి ఇచ్చింది. యాంటీ డంపింగ్ సుంకం అలాంటిది. విదేశీ కంపెనీ తన దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు ఇక్కడ సరుకు దింపుతోందని ఫిర్యాదు చేయాలంటే ఒక్క కంపెనీ గొంతు సాధారణంగా చాలదు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం, అభిప్రాయం చెప్పిన దేశీయ ఉత్పత్తిదారుల్లో ఫిర్యాదును సమర్థించేవాళ్ల ఉత్పత్తి, సమర్థించేవాళ్లదీ వ్యతిరేకించేవాళ్లదీ కలిపిన మొత్తంలో 50 శాతం కంటే ఎక్కువ ఉండాలి. పైగా సమర్థించేవాళ్ల వాటా దేశంలోని మొత్తం ఉత్పత్తిలో 25 శాతానికి తగ్గకూడదు. ఈ లెక్క తేల్చాలంటే ఎవరు ఎంత తయారు చేస్తున్నారో తెలిసినవాళ్లు కావాలి. నష్టం జరిగిందని చూపించడానికి అమ్మకాలు, లాభాలు, ఉద్యోగాల లెక్కలు కావాలి. చాలా రంగాల్లో ఆ లెక్కలు పోగుచేసేది, ఫిర్యాదు రాయించేది సంఘమే.

ప్రభుత్వాలు కూడా దీని మీద ఆధారపడతాయి. ఒక కొత్త భద్రతా నిబంధన పెడితే మార్కెట్లో ఎన్ని రకాల మోడళ్లు మార్చాల్సి వస్తుంది, ఎన్నాళ్లు పడుతుంది అని అధికారి వెయ్యి ఫ్యాక్టరీలకు ఫోన్ చేసి కనుక్కోలేడు. సంఘానికి ఉత్తరం రాస్తాడు. జవాబు పంపేవాళ్లు ఆ నిబంధన వల్ల ఖర్చు భరించాల్సినవాళ్లే. వాళ్లకు తెలిసినంత వివరంగా ఇంకెవరికీ తెలియదు, వాళ్లకున్నంత స్వార్థమూ ఇంకెవరికీ ఉండదు. ఈ ఇబ్బంది ఎక్కడా పూర్తిగా తీరలేదు. సంఘం చెప్పిన ఖర్చు లెక్కను వేరేవాళ్లు కూడా పరిశీలించేలా బయటపెట్టడం ఒక్కటే కాస్త పనికొచ్చే మార్గం.

రెండు కలప సంఘాలు

పోటీదారులు ఒకరి లెక్కలు ఒకరు చూసుకోవడం ఎంతవరకు సబబు? దీనికి ఇప్పటికీ పనికొచ్చే జవాబు 1920లలో అమెరికా సుప్రీంకోర్టు నాలుగేళ్ల తేడాతో ఇచ్చిన రెండు తీర్పుల్లో ఉంది. కేసులు రెండూ కలప తయారీదారుల సంఘాలవే. ఒకటి ఓడింది, ఒకటి గెలిచింది.

1921లో ఓడింది హార్డ్‌వుడ్ తయారీదారుల సంఘం. అందులో ప్రతి సభ్యుడూ తన అమ్మకాల నివేదిక రోజూ పంపాలి. సరుకు పంపినప్పుడల్లా ఇన్‌వాయిస్ నకలు జతచేయాలి. ఎంత కోశారు, ఎంత నిల్వ ఉంది అన్నది నెలనెలా చెప్పాలి. ధరల జాబితా ఇవ్వాలి. వచ్చే రెండు నెలల్లో ఎంత ఉత్పత్తి చేయబోతున్నారో అంచనా కూడా రాసివ్వాలి. ఇవన్నీ ఏ మిల్లు ఎంత అన్నది దాచకుండా తిరిగి సభ్యులకే అందేవి. పైగా తరచూ సమావేశాలు. వాటికి తోడు లెక్కలు చూసే మేనేజరు రాసే ఉత్తరాలు, ఎక్కువ ఉత్పత్తి చేస్తే అందరం మునుగుతామని హెచ్చరిస్తూ. ఎక్కడా ‘ధర ఇంత’ అని రాసుకున్న ఒప్పందం లేదు. అయినా కోర్టు దీన్ని కుమ్మక్కుగానే చూసింది. నిజంగా పోటీ పడేవాళ్లు తమ వ్యాపార రహస్యాలు రోజూ పోటీదారు చేతిలో పెట్టరన్నది దాని తర్కం.

1925లో గెలిచింది మేపుల్ ఫ్లోరింగ్ తయారీదారుల సంఘం. 22 మంది సభ్యులు. వీళ్లూ ఖర్చులు, అమ్మకాలు, నిల్వల లెక్కలు పోగుచేశారు. కానీ సభ్యులకు అందేటప్పటికి అవి సగటులు. ఏ అంకె ఎవరిదో తెలిసే వీల్లేదు. అన్నీ ముగిసిపోయిన లావాదేవీలకు చెందినవే. భవిష్యత్తు ధరల గురించి సమావేశాల్లో చర్చించినట్టు రుజువు కాలేదు. అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది, ఆ లెక్కలు బయటికి కూడా వెళ్లేవి. వ్యాపార పత్రికల్లో అచ్చయ్యేవి, ప్రభుత్వ వాణిజ్య శాఖకు చేరేవి. కొనేవాడు కూడా అదే అంకె చూడగలిగేవాడు. మార్కెట్ గురించి అందరికీ తెలిస్తే పోటీ తెలివిగా జరుగుతుందనీ, అది తప్పు కాదనీ కోర్టు అంది.

సగటు లెక్కా, విడి లెక్కా? జరిగిపోయిందా, జరగబోయేదా? అందరికీ తెలుస్తుందా, సభ్యులకేనా? పోటీ చట్టం ఉన్న దేశాల్లో అధికారులు ఇప్పటికీ దాదాపు ఇవే అడుగుతారు. పద్ధతిగా నడిచే సంఘాల్లో అందుకే సమావేశానికి ముందే అజెండా పంపుతారు. పోటీ చట్టం తెలిసిన లాయరు గదిలో కూర్చుంటాడు. ధరలు, డిస్కౌంట్లు, టెండర్లు, ఉత్పత్తి తగ్గించడం లాంటి మాట ఎవరైనా ఎత్తితే వెంటనే ఆపాలి. ఆపకపోతే లేచి వెళ్లిపోవాలి, వెళ్లిపోయిన సంగతి మినిట్స్‌లో రాయించాలి. రాయించకపోతే రేపు కేసు వచ్చినప్పుడు మౌనంగా కూర్చున్నవాడు కూడా ఒప్పుకున్నట్టే లెక్క.

భారతదేశంలో సిమెంటు కేసు ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది. బిల్డర్ల సంఘం ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2012 జూన్‌లో 11 సిమెంటు కంపెనీలకు సుమారు రూ.6,300 కోట్ల జరిమానా వేసింది. సిమెంట్ తయారీదారుల సంఘానికి కూడా రూ.73 లక్షలు పడింది. సంఘం వేదికగా ధరల, ఉత్పత్తి సమాచారం పంచుకున్నారన్నది ఆరోపణ. ప్రభుత్వ శాఖ కోసమే ధరలు సేకరించామని సంఘం వాదించింది. ప్రభుత్వం లెక్కలు అడగడం, సంఘం పోగుచేయడం, వాటి మీదే కేసు రావడం, మూడూ ఒకే చోట కనిపిస్తాయి ఇక్కడ. 2015లో అప్పీలు ట్రిబ్యునల్ విచారణ పద్ధతిలో లోపం ఉందని ఆ ఉత్తర్వును కొట్టేసి మళ్లీ విచారించమంది. 2016లో కమిషన్ మళ్లీ జరిమానాలు వేసింది. 2018 జులైలో, అప్పటికి ఇలాంటి అప్పీళ్లు వింటున్న జాతీయ ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ వాటిని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు, జరిమానాలో 10 శాతం డిపాజిట్ చేయమంటూ కంపెనీల అప్పీళ్లు స్వీకరించింది. కంపెనీల మీద వేల కోట్లు, సంఘం మీద లక్షలు ఎందుకంటే జరిమానా లాభాన్నో, ఆదాయాన్నో బట్టి ఉంటుంది. సంఘానికి వచ్చేది సభ్యుల చందాలే.

చందా ఎవరిది, మాట ఎవరిది

ఆ చందాల సంగతి కొంచెం లోతుగా చూడాలి. సుంకం తగ్గించమని సంఘం పోరాడి గెలిస్తే ఆ లాభం సభ్యుడికీ వస్తుంది, పైసా కట్టని బయటివాడికీ వస్తుంది. అలాంటప్పుడు చందా ఎందుకు కట్టాలి? ఆర్థికవేత్త మాన్కర్ ఓల్సన్ 1965లో ఈ ప్రశ్ననే పట్టుకున్నాడు. కొద్దిమందే ఉన్న రంగంలో, లేదా ఒకరిద్దరు చాలా పెద్దవాళ్లు ఉన్న రంగంలో సంఘం సులువుగా నిలబడుతుంది. తమ వాటా లాభమే పెద్దది కాబట్టి ఖర్చంతా భరించడానికి వాళ్లకు గిట్టుబాటవుతుంది. వేలమంది చిన్నవాళ్లున్న చోట ఎవరికి వారు పక్కవాడు కడతాడులే అనుకుంటారు. అందుకే సంఘాలు సభ్యులకు మాత్రమే దొరికేవి కొన్ని పెడతాయి: గణాంకాల నివేదిక, న్యాయ సలహా, ఎగ్జిబిషన్‌లో తక్కువ అద్దెకు స్టాల్, పరీక్షల ల్యాబ్.

చాలాచోట్ల చందా టర్నోవర్‌ను బట్టి ఉంటుంది. పెద్ద కంపెనీలు ఎక్కువ కడతాయి. దానికి ప్రతిఫలంగా వాళ్లు ఓట్లు కొనుక్కోవాల్సిన అవసరం కూడా రాదు. పన్నుల కమిటీకి, పర్యావరణ కమిటీకి పూర్తికాలం మనిషిని పంపగలిగేది పెద్ద కంపెనీయే. నలభైమంది పనిచేసే ఫ్యాక్టరీ యజమాని తానే అకౌంట్లు చూసుకుని, తానే కరెంటు ఆఫీసుకు వెళ్లి, తానే బ్యాంకులో కూర్చుంటాడు. ముసాయిదా మీద పది రోజుల్లో అభిప్రాయం చెప్పమని సర్క్యులర్ వస్తే అతను తెరిచి చూసేసరికి గడువు అయిపోతుంది. కుట్ర ఏమీ అక్కర్లేదు. తీరిక ఉన్నవాళ్ల మాట సంఘం మాట అవుతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పేపర్లో ‘పరిశ్రమ’ అని వచ్చినప్పుడు జనం కళ్ల ముందు కనిపించేది ఆ చిన్న ఫ్యాక్టరీ. ఆ మాట రాసిన గదిలో అతను లేడు.

చిన్నా పెద్దా తేడా ఒకటైతే, ముడిసరుకు చేసేవాళ్లకూ వాడేవాళ్లకూ మధ్య తగువు ఇంకొకటి. 2018 మార్చిలో అమెరికా దిగుమతి ఉక్కు మీద 25 శాతం, అల్యూమినియం మీద 10 శాతం సుంకం వేసింది. ఉక్కు తయారీదారుల సంఘం హర్షం వ్యక్తం చేసింది. ఉక్కు కొని విడిభాగాలు, పనిముట్లు చేసేవాళ్ల సంఘాలు వ్యతిరేకించి, విడిగా ఒక కూటమి కట్టుకున్నాయి. అందరూ తయారీదారులే. రెండు పక్షాలనూ సభ్యులుగా పెట్టుకున్న జాతీయ సంఘం ఇలాంటప్పుడు ఏం చేస్తుంది? ముసాయిదా ప్రకటనలో ‘సుంకం ఎత్తేయాలి’ అని ఎవరో రాస్తారు. ఉక్కు కంపెనీ అభ్యంతరం చెబుతుంది. ‘సుంకాన్ని హేతుబద్ధీకరించాలి’ అవుతుంది. దానికీ ఒప్పుకోకపోతే ‘అందరితో సంప్రదించి, దశలవారీగా, సమతుల్యంగా’ అన్న మాటలు చేరతాయి. సంఘం ప్రకటన చప్పగా ఉంటే లోపల పెద్ద గొడవ జరిగిందనే నేను అనుకుంటాను. సూటిగా, అంకెలతో సహా డిమాండ్ ఉంటే, ఆ విషయంలో నష్టపోయేవాళ్లెవరూ లోపల బలంగా లేరని అర్థం.

కొన్నిసార్లు రాజీ కుదరదు. యూరప్ కార్ల తయారీదారుల సంఘం ఏసీఈఏ నుంచి వోల్వో కార్స్ 2022లో బయటికి వస్తున్నట్టు చెప్పింది. పూర్తిగా ఎలక్ట్రిక్‌కు మారాలన్న తన లక్ష్యానికీ, సంఘం వైఖరికీ పొంతన లేదన్నది కారణం. కొద్ది వారాల ముందే స్టెలాంటిస్ కూడా సంఘాన్ని వదులుతున్నట్టు ప్రకటించింది. పెద్ద సభ్యుడు వెళ్లిపోతే పోయేది చందా ఒక్కటే కాదు. ‘పరిశ్రమ మొత్తం మాతో ఉంది’ అని చెప్పుకునే అర్హత కూడా పలచబడుతుంది.

నియంత్రణ కావాలని అడిగిన రోజు

సంఘాలు ఎప్పుడూ నిబంధనలు వద్దనే అంటాయన్న అభిప్రాయం ఉంది. ఓజోన్ పొర విషయంలో అలా జరగలేదు. ఆ పొరను దెబ్బతీసే సీఎఫ్‌సీ వాయువులను తయారుచేసేవాళ్లు, వాటిని ఫ్రిజ్‌లలో, ఏసీల్లో వాడేవాళ్లు కలిసి 1980లో అమెరికాలో ఒక కూటమి పెట్టుకున్నారు. మొదట్లో అది నియంత్రణను ఎదిరించింది. 1986 సెప్టెంబరులో అంతర్జాతీయ పరిమితికి మద్దతు ప్రకటించింది. శాస్త్రవేత్తల ఆధారాలు బలపడ్డాయి. దానితో పాటు వ్యాపార లెక్క కూడా ఉంది. ఎలాగూ నియంత్రణ తప్పదనుకున్నప్పుడు, అమెరికా ఒక్కటే కట్టడి పెడితే బయటి కంపెనీలు లాభపడతాయి. అన్ని దేశాలకూ ఒకే కట్టు ఉంటే ఎవరూ వెనకబడరు. మరుసటి ఏడాది, 1987 సెప్టెంబరు 16న, మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. పోటీదారు కూడా అదే ఖర్చు భరిస్తాడన్న నమ్మకం కలిగితే నిబంధనకు తలవంచే కంపెనీలు చాలానే ఉంటాయి. ఆ నమ్మకం కలిగించగల చోటు సంఘమే.

తనంతట తాను క్రమశిక్షణ పెట్టుకుంటానని సంఘం అన్నప్పుడు మాత్రం ఆగి చూడాలి. 1984 డిసెంబరు 2-3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై వేలమంది చనిపోయారు. రసాయన కంపెనీ అంటేనే ప్రపంచమంతా జనం భయపడే పరిస్థితి వచ్చింది. ఒకరు తప్పు చేస్తే పేరు అందరికీ పోతుంది కాబట్టి, కెనడా రసాయన ఉత్పత్తిదారుల సంఘం 1985లో ‘రెస్పాన్సిబుల్ కేర్’ అనే కార్యక్రమం తెచ్చింది. 1988లో అమెరికా రసాయన తయారీదారుల సంఘం దాన్ని సభ్యులందరికీ తప్పనిసరి చేసింది. భద్రత, కాలుష్యం, చుట్టుపక్కల జనానికి సమాచారం ఇవ్వడం, వీటికి నియమావళి రాశారు.

ఫలితం ఏమిటన్నది ఆండ్రూ కింగ్, మైకేల్ లెనాక్స్ అనే పరిశోధకులు లెక్కలతో పరిశీలించి 2000లో ప్రచురించారు. ఆ కార్యక్రమంలో ఉన్న అమెరికా కంపెనీలు కాలుష్యం తగ్గించుకోవడంలో బయటి కంపెనీల కంటే నెమ్మదిగా ఉన్నాయని తేలింది. నియమం ఉంది గానీ పాటిస్తున్నారో లేదో బయటివాళ్లు తనిఖీ చేయడం లేదు, పాటించకపోతే శిక్ష లేదు. ఆ మాత్రానికే సభ్యత్వం మంచి పేరు తెచ్చిపెడుతుంటే, మెరుగుపడాలన్న ఆలోచన లేనివాళ్లకు కూడా అది మంచి ముసుగు అవుతుంది. తర్వాతి ఏళ్లలో అమెరికా సంఘం మూడో పక్షం తనిఖీని తప్పనిసరి చేసింది. భోపాల్ తర్వాత అంత వరకు రావడానికి రెండు దశాబ్దాలు పట్టిందంటే నాకు కోపమే వస్తుంది. సంఘానికి సభ్యుణ్ని బయటికి పంపే అధికారం ఉంటుంది. చందా కట్టే సభ్యుణ్ని పంపించడం ఏ కార్యవర్గానికీ సులువు కాదు. స్వీయ నియంత్రణ గురించి ఏ సంఘం గొప్పగా చెప్పినా, ఇప్పటివరకు ఎంతమంది సభ్యత్వం రద్దు చేశారో చూస్తే ఆ మాట బరువు తెలిసిపోతుంది.

సభ్యుల పేర్లు

ఇక చివరికి మిగిలేది, సంఘం వెనుక ఎవరున్నారో బయటివాళ్లు తెలుసుకునే హక్కు. కంపెనీ తన పేరుతో అడగడానికి మొహమాటపడేది సంఘం పేరుతో అడిగించగలదు. పర్యావరణం మీద ప్రేమ ఉందని ప్రకటనల్లో చెబుతూ, అదే నిబంధనను సంఘం చేత వ్యతిరేకింపజేయడం కొత్తేమీ కాదు. అందుకే అమెరికా 2007లో లాబీయింగ్ చట్టాన్ని సవరించింది. సంఘానికి మూడు నెలల కాలంలో 5,000 డాలర్లకు మించి ఇచ్చి, దాని లాబీయింగ్‌ను ప్లాన్ చేయడంలోనో, పర్యవేక్షించడంలోనో చురుగ్గా పాల్గొనే సంస్థల పేర్లు బయటపెట్టాలంది. నామ్ కోర్టుకు వెళ్లింది. సభ్యుల పేర్లు చెబితే వాళ్లు వేధింపులకు గురవుతారనీ, ఇది భావ స్వేచ్ఛకు భంగమనీ వాదించింది. 2009లో అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. చట్టసభ మీద ఒత్తిడి తెస్తున్నవాళ్లెవరో తెలుసుకునే అవసరం ప్రజలకు ఉందని చెప్పింది.

యూరోపియన్ యూనియన్‌లో 2011 నుంచి పారదర్శకత రిజిస్టరు ఉంది. ఏ సంఘం లాబీయింగ్ మీద ఎంత ఖర్చు పెడుతోంది, ఏ చట్టాల మీద పనిచేస్తోంది అన్నది అందులో నమోదవుతుంది. అలాంటి చట్టం లేని దేశాల్లో కూడా కొంత పని చేయవచ్చు. చాలా సంఘాలు కార్యవర్గం, కమిటీల అధ్యక్షుల పేర్లు, వాళ్ల కంపెనీల పేర్లు వార్షిక నివేదికలో తామే అచ్చేస్తాయి. సుంకాల కమిటీకి అధ్యక్షత వహిస్తున్నది ముడిసరుకు తయారుచేసే కంపెనీయా, వాడుకునే కంపెనీయా అని అందులో చూసుకుని, తర్వాత ఆ సంఘం సుంకం మీద ఇచ్చిన వినతిపత్రాన్ని పక్కన పెట్టుకుని చదివితే, ‘పరిశ్రమ’ అన్న మాట వెనుక ఎవరున్నారో చాలావరకు తెలిసిపోతుంది.